నీళ్లు ఊరివి, నేల రైతుది

2000 మే నెలలో కెనడాలోని ఆంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న ఊరు కుళాయి నీళ్లు తాగి మంచాన పడింది. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. పెద్ద వానకు పొలంలోని పశువుల ఎరువు నుంచి ఈ.కోలి బ్యాక్టీరియా ఊరికి నీళ్లిచ్చే అయిదో నంబరు బావిలోకి దిగింది. బావి లోతు తక్కువ. పైగా క్లోరిన్ కలపాల్సిన సిబ్బంది సరిగా కలపకుండానే రికార్డులు నింపేశారు. విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓ'కానర్ ఎరువు చల్లిన రైతును మాత్రం తప్పుపట్టలేదు. పద్ధతి ప్రకారమే చల్లాడు మరి.

నన్ను ఆపిన మాట అదే. రైతు తప్పు లేకుండానే నీళ్లు చెడితే, వాటిని కాపాడే బాధ్యత ఎవరిది? ఖర్చెవరిది?

మొదటి ప్రశ్నకు ఆంటారియో 2006లో తెచ్చిన స్వచ్ఛ జల చట్టం జవాబిచ్చింది: నీటిని శుద్ధి కేంద్రంలోనే కాదు, పుట్టిన చోటా కాపాడాలి. ప్రణాళికలు పరీవాహక ప్రాంతాల వారీగా వేయాలి. 1946 చట్టంతో ఏర్పడిన సంరక్షణ సంస్థలు అక్కడ ముందే ఉన్నాయి. వాటి సరిహద్దు గీసింది వాగులే.

రెండో ప్రశ్నకు జవాబు కెనడాలోనే ఉన్న మానిటోబా రాష్ట్రపు రైతు సంఘం నుంచి వచ్చింది. ఏలస్ అనే ఆ పథకాన్ని 2006లో అక్కడి బ్లాన్‌షార్డ్‌లో ప్రయోగించారు. తర్వాత ఆంటారియోలోని నార్‌ఫోక్‌కు పాకింది. సరిగా పండని చెలకను, వాగు ఒడ్డును, నీటి గుంటను రైతు సాగు చేయకుండా వదిలితే ఏటా ఎకరానికింతని చెల్లిస్తారు. ఒడ్డున పెరిగిన గడ్డి పొలం నుంచి కొట్టుకొచ్చే మట్టిని, దాంతోపాటు భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆ గడ్డిలోనే పిట్టలు గూడు కడతాయి. ప్రెయిరీ గడ్డి మైదానాల గుంటల్లో బాతులు పిల్లల్ని పెంచుతాయి. గుంటలకు కాలువ తవ్వి ఎండగడితే బాతులు పోతాయి, ఆ నీళ్లు భాస్వరంతో సహా విన్నిపెగ్ సరస్సుకు చేరి నాచును పెంచుతాయి. పిట్టకూ మనిషికీ కావలసింది ఒకే నేల. అయితే గోధుమ ధర ఎగబాకిన ఏడు ఆ గుంటలోకి మళ్లీ ట్రాక్టరు దిగదన్న భరోసా ఈ డబ్బు ఇవ్వలేదు.

మన దగ్గర? హైదరాబాద్ జంట జలాశయాల కోసం 1996లో 111 జీవో వచ్చింది. 84 గ్రామాల్లో కట్టడాలకూ పరిశ్రమలకూ పగ్గం వేసింది. నగరానికి నీళ్లు మిగిల్చిన ఆ ఊళ్లకు దక్కింది ఆంక్షలే. ఏడాదికింతని చెల్లింపు అందులో లేదు. జీవో తీసేయాలని ఏళ్ల తరబడి అడిగినవాళ్లలో ఆ ఊళ్ల రైతులూ ఉన్నారు. 2022లో దాన్ని సడలిస్తూ మరో జీవో వచ్చింది.