మలివయసులో ఏటేటా ప్రవేశపరీక్ష

అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా అమెరికాలో వృద్ధుల ఇళ్లకు ఉత్తరాలు వెల్లువెత్తుతాయి. ఒకనాటి నటులూ ఆటగాళ్లూ టీవీలో ప్రత్యక్షమై, పళ్లవైద్యం ఉచితం, కళ్లజోడు ఉచితం అని ఊరిస్తారు. ఇది మెడికేర్ వార్షిక నమోదు కాలం. దీనికి బీమా కంపెనీలు పెట్టుకున్న ముద్దుపేరు ‘ఎంపిక స్వేచ్ఛ’. కంపెనీ మోయవలసిన బరువును రోగి నెత్తికెత్తడాన్ని స్వేచ్ఛ అనడం భాషకు చేసే అపచారం.

1965 జూలై 30న, మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని జాన్సన్ సంతకం చేసిన చట్టంలో ఈ బెడద లేదు. మందుల బీమాను మాత్రం 2003 నాటి చట్టం ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టింది. అదే 2006 జనవరిలో అమలుకు వచ్చిన పార్ట్ డి. కంపెనీ ఏటా తన మందుల జాబితాను మార్చుకోవచ్చు, ప్రీమియం పెంచుకోవచ్చు, ఏ మందుల దుకాణంలో తక్కువ ధరకు ఇచ్చేదీ మార్చుకోవచ్చు. మార్పులను సెప్టెంబరు నెలాఖరులోగా ఉత్తరంలో తెలిపితే దాని బాధ్యత తీరిపోతుంది. రోగం మారలేదు, మాత్ర మారలేదు, రాసిన వైద్యుడూ మారలేదు. జనవరి ఒకటిన ఖర్చు మాత్రం మారిపోతుంది. ఆ పెద్దమనిషి బదులు పలకకపోతే సాధారణంగా పాత పథకమే కొత్త షరతులతో కొనసాగుతుంది. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలన్నారు, ఇక్కడది సంపూర్ణాంగీకారం!

“ప్రభుత్వ వెబ్‌సైటులో మందుల పేర్లు కొడితే పథకాలన్నీ పోల్చి చూపుతుంది కదా, గంటసేపు కూర్చోలేరా?” అని అడిగేవారున్నారు. కూర్చోగలవారు కూర్చుంటారు. కంటిలో శుక్లాలున్నవారి మాటేమిటి? జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారి మాటేమిటి? జబ్బులు ఎక్కువయ్యేకొద్దీ మందులు ఎక్కువ, మందులు ఎక్కువయ్యేకొద్దీ ఈ పరీక్ష కఠినం. బీమా ఎవరికి అత్యవసరమో వారే తప్పేటట్టు కూర్చిన ప్రశ్నపత్రమిది. 2022 నాటి చట్టం మందులపై సొంత ఖర్చుకు ఏడాదికో హద్దు పెట్టింది: 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100. మంచి సంస్కరణే, కాదనను. కానీ పథకం జాబితాలో లేని మందుకు పెట్టిన ఖర్చు ఆ లెక్కలోకే రాదు. అంటే మళ్లీ ఆ జాబితా చదవవలసిందే.

మెడికేర్ అడ్వాంటేజ్ కథ మరీ చిత్రం. అర్హుల్లో సగానికి పైగా 2023 నాటికే వాటిలో చేరారు. చందాదారు మామూలుగా ఏడాది మధ్యలో బయటికి రాలేడు. అతని వైద్యుడు మాత్రం ఆ కంపెనీతో ఎప్పుడైనా తెగతెంపులు చేసుకోవచ్చు. పోనీ, నచ్చకపోతే మరుసటేడు అసలు మెడికేర్‌కు తిరిగి రావచ్చునంటారు. అదీ అర్ధసత్యమే. అది విడిచిపెట్టే ఖర్చును భరించే మెడిగ్యాప్ పాలసీని, మొదటి ఏడాదికున్న మినహాయింపుల వంటివి వదిలేస్తే, నాలుగు రాష్ట్రాల్లో తప్ప కంపెనీ ఆరోగ్యం చూసి నిరాకరించవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామంటే ఆ ఆకులూ అమ్మరన్నమాట.

ఇక మన తెలుగువారి సంగతి. విశ్రాంత జీవితంలో చలికాలం హైదరాబాదులోనో విజయవాడలోనో గడిపేవారు మనలో చాలామంది. ఉత్తరాలొచ్చే వేళకు ఇంటికి తాళం. “నేను చూసుకుంటాలే నాన్నా” అన్న కొడుక్కి తండ్రి వేసుకునే మాత్రల పేర్లు తెలియవు. అసలు మెడికేర్ ఇండియాలో వైద్యానికి సాధారణంగా డబ్బివ్వదు. కొన్ని మెడిగ్యాప్ పాలసీలు ప్రయాణం మొదలైన అరవై రోజుల లోపు వచ్చిన అత్యవసరాలకు మాత్రం కొంత ఇస్తాయి. అక్కడ ఎలాగూ పనికిరాదని పార్ట్ బి మానుకుని, మనవల కోసం తిరిగొచ్చినవారికి, లేకుండా గడిపిన ప్రతి పన్నెండు నెలలకూ పది శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అదీ సాధారణంగా జీవితాంతం.

ఈ అయోమయంలోకి ‘మనవాడే’ అయిన ఏజెంటు ప్రవేశిస్తాడు. అందరూ చెడ్డవారని అనను. కానీ 2025లో కొత్తగా ఒకరిని అడ్వాంటేజ్‌లో చేర్పిస్తే చాలా రాష్ట్రాల్లో 626 డాలర్ల దాకా కమీషను, విడి మందుల పథకంలో చేర్పిస్తే 109 దాకా. సలహా ఎటు మొగ్గుతుందో ఊహించడానికి పాండిత్యం అక్కర్లేదు. కమీషను లేకుండా సలహా చెప్పే షిప్ కేంద్రాలు ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నాయి. వాటికి టీవీ ప్రకటనలు కొనే స్తోమతు లేదు.

దీనికి మార్గం లేకపోలేదు. ప్రీమియం హద్దు దాటిన పథకాల నుంచి, సహాయం పొందుతున్న పేదలను ప్రభుత్వం ఇప్పటికే తనంతట తాను వేరే పథకాల్లోకి మారుస్తోంది. అయితే అక్కడ చూసేది ప్రీమియాన్నే, వారి మందులను కాదు. ఎవరు ఏ మందు కొన్నారో బిల్లుల్లో నమోదై ఉంది. ఆ లెక్కతోనే, “మీరు వాడే మందులకు వచ్చే ఏడాది ఇదే పథకంలో ఇంత, ఫలానా పథకంలో ఇంత” అని పెద్ద అక్షరాలతో ఒక్క పేజీ పంపడం కంపెనీకి విధి కావాలి. ఖర్చు ఒక మేర మించి పెరిగేటప్పుడు మౌనాన్ని అంగీకారంగా లెక్కించడం చట్టవిరుద్ధం కావాలి. ఓటుహక్కున్న తెలుగు పెద్దలు ఈ రెండు మాటలూ తమ కాంగ్రెసు సభ్యుల కార్యాలయాలకు రాయాలి, డిసెంబరు 7 దాటాక కూడా.