ధర తగ్గెను, శిస్తు తగ్గలేదు

1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినప్పుడు ఆ వార్త గోదావరి డెల్టాలోని రైతునకు తెలియదు. తెలిసినను వానికేమి? వానికి వాటాలు లేవు, బ్యాంకిలో నిలువ లేదు. వానికున్నవి మూడే: గాదెలోని ధాన్యము, కరణము లెక్కలోని శిస్తు, షావుకారు పెట్టెలోని పత్రము. మొదటిదాని వెల పడిపోయెను. తక్కిన రెండును చెక్కు చెదరలేదు. మద్రాసు రాజధానిలో అటుపిమ్మట పదియేండ్లు నడచిన రాజకీయములో పెద్దభాగము ఈ యొక్క వ్యత్యాసమునుండియే పుట్టినదని మా యభిప్రాయము.

1929కిని 1933కిని నడుమ ధాన్యము ధర సుమారు సగమునకు దిగెను. వేరుసెనగ, ప్రత్తి పండించువారి గతియు నించుమించుగా నంతియే. లెక్క సులభమగుటకై బస్తా ధాన్యము 4 రూపాయలనుండి 2 రూపాయలకు వచ్చినదనుకొందము. ఎకరమునకు 8 రూపాయలు సర్కారునకు కట్టు రైతు ముందు రెండు బస్తాలమ్మి బయటపడుచుండెను, ఇప్పుడు నాలుగమ్మవలెను. 1,000 రూపాయలకు ప్రోనోటు వ్రాసినవాడు 250 బస్తాలు బాకీపడితిననుకొని వ్రాసెను. తీర్చవలసిన నాటికి అది 500 బస్తాలయ్యెను. పత్రములో నొక్క అక్షరము మారలేదు. ఎవ్వరును ఒక్క కాసు అన్యాయముగా పుచ్చుకొనలేదు. అయినను పొలము చేతులు మారెను. మాంద్యమనగా నందరు నొక్కతీరున పేదలగుట యని పలువురు తలతురు. అది పొరపాటు. ధాన్యమమ్ముకొనువాని సొత్తు పత్రము గలవాని యింటికి నడచిపోవుటయే మాంద్యము.

ఇట్టి కాలమున సర్కారు చేసినదేమి? కృష్ణా గోదావరి జిల్లాలలో రీసెటిల్మెంటు పేర శిస్తును రూపాయకు మూడణాలు, అనగా నూటికి 18¾ వంతున, హెచ్చింపబూనెను. ధరలు మంచిగానున్న యేండ్ల లెక్కలపై కట్టిన హెచ్చింపది. అమలుపరచ బూనిన నాటికి ఆ ధరలే లేవు. 1928లో బార్డోలీ రైతులు ఎదిరించి నిలిచి, నూటికి 22గా నున్న తమ హెచ్చింపును విచారణలో సుమారు 6కు దింపించుకొనిరి. డెల్టా రైతుల ఆందోళనకు అంతటి ఫలము దక్కలేదు. కొన్ని యేండ్లలో రెమిషన్లు వచ్చినమాట నిజమే. అవి దయగా వచ్చినవి గాని హక్కుగా రాలేదు.

అడుగుటకు మాత్రము ఎవరినడుగవలెను? 1919 చట్టము సృజించిన ద్వంద్వప్రభుత్వపు విచిత్రమంతయు నిక్కడనే యున్నది. విద్య, స్థానికపరిపాలనము, ఆబ్కారీ, సహకారశాఖ మంత్రులకు వదలిరి. భూమిశిస్తును మాత్రము రిజర్వు చేసి, గవర్నరు కార్యనిర్వాహక సభ్యుల చేతిలో నుంచుకొనిరి. 1930లో ముఖ్యమంత్రియైన మునుస్వామినాయుడుగారికి గాని, 1932 నవంబరులో ఆ పదవి నధిష్ఠించిన బొబ్బిలి రాజాగారికి గాని శిస్తులో దమ్మిడీ తగ్గించు నధికారము లేదు. అధికారమున్నవారిని ప్రజలెన్నుకొనలేదు, ఎన్నుకొన్నవారికి అధికారము లేదు. దీనికితోడు జస్టిసు పక్షములోనే జమీందారులకును తక్కినవారికిని చీలికలు వచ్చెను. పరగణాల ప్రభువులే నాయకులైన పక్షమును చూచి, కిస్తుకు గొడ్డునమ్ముకొన్న రైతు తనవారని యెట్లు తలచును?

అన్నిటికంటె బలమైన నిర్ణయములు మద్రాసులో జరుగనే లేదు. 1927లో రూపాయి మారకమును 18 పెన్నీలకు కట్టివేసిరి. 16 చాలునని మనవారు పోరిరి, వినలేదు. మారకము హెచ్చినకొలది విదేశమునకు పోవు సరకునకు రూపాయలు తక్కువ వచ్చును, విదేశపు సరకు చౌకయగును. 1931 సెప్టెంబరులో బ్రిటను సువర్ణప్రమాణమును విడిచెను. రూపాయిని స్టెర్లింగు కొంగునకే ముడివేసి యుంచిరి. బంగారము ధర పెరిగెను. కాసులపేరులు, వడ్డాణములు కరగి ఓడలెక్కెను. ఆ దశాబ్దములో దేశమునుండి తరలిన బంగారము వెల సుమారు 300 కోట్ల రూపాయలు. సర్కారు లెక్కలలో దానిపేరు ఎగుమతి. అమ్మినయింట దానిపేరు శిస్తు, వడ్డీ.

బర్మా సంగతియు నిక్కడ చెప్పవలెను. 1937 ఏప్రిలువరకు బర్మా భారతదేశములో భాగమే గావున అచ్చటి చౌకబియ్యముపై సుంకము వేయ వీలులేకపోయెను; సయాము, సైగానులనుండి వచ్చు నూకలపై మాత్రము 1935లో వేసిరి. పొట్టచేత పట్టుకొని రంగూను పోయిన విశాఖ, గోదావరి జిల్లాల కూలీలకు అచ్చటను పని కరవయ్యెను. 1930 మేలో రంగూను రేవుపనికై బర్మీయులకును తెలుగు కూలీలకును జరిగిన రక్తపాతము ఆ కరవు ఫలమే. ఇంటికి వచ్చు మనియార్డరు ఆగెను, మనిషి తిరిగివచ్చెను.

రాజధానిలోని గ్రామఋణము 150 కోట్లని 1930లో బ్యాంకింగు విచారణసంఘము అంచనా కట్టెను. 1935లో సత్యనాథన్‌గారి నివేదిక దానిని 200 కోట్లనెను. అయిదేండ్లలో రైతు విందులుచేసి తగులబెట్టిన సొమ్ము కాదది. చాలవరకు తీర్చలేని వడ్డీ అసలులో కలిసిన ఫలము. 1937 ఎన్నికలలో కాంగ్రెసు 215 స్థానములలో 159 గెలుచుకొనెను. బొబ్బిలి రాజాగారు తమ బొబ్బిలిలోనే వి. వి. గిరిగారి చేతిలో నోడిరి. జూలైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గ మేర్పడెను. 1938 మార్చిలో ఋణవిమోచన చట్టము వచ్చెను.

ఆ చట్టము సాహసమైనదే. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీలపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెట్టింపు ముట్టియున్నచో పత్రమే చెల్లు. ఇకమీదట వడ్డీ నూటికి 6¼. ఆదాయపుపన్ను కట్టువారిని, పెద్ద జమీందారులను మినహాయించిరి. వేరు ఆస్తిలేని స్త్రీలకు రావలసిన చిన్న బాకీలను కాపాడిరి. ఆ దయ చట్టములలో నరుదు. అప్పు పుట్టదని షావుకార్లు బెదరించిరి, కొంతవరకు పుట్టలేదు కూడను. (ఆ మంత్రివర్గమే మద్యనిషేధమువలన పోయిన యాదాయమునకై 1939లో అమ్మకపుపన్ను కనిపెట్టెను. అది పేర్లు మార్చుకొనుచు నేటికిని మన వెంటనే యున్నది.) ప్రకాశముగారి అధ్యక్షతను జమీందారీ విచారణసంఘము 1938లో భూమి రైతుదేయని తేల్చెను, 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే శాసనము కాలేదు. జమీందారీ పోవుటకు 1948 చట్టము రావలసివచ్చెను.

అయితే 1938 చట్టములో ‘వ్యవసాయదారుడు’ ఎవరు? భూమిలో అమ్ముకొనదగిన హక్కు గలవాడు, జమీందారీ రైతు, ఇట్టివారు. రైత్వారీ గ్రామమున ఏటేటి కౌలుకు దున్నువానికి అమ్ముకొనదగిన హక్కేది? పాలేరునకేది? ధరలు పడినప్పుడు రొక్కపు మక్తాకు ఒప్పుకొన్న కౌలుదారుడు యజమానికంటె ముందు మునిగెను. కాని 1937లో ఓటు ఆస్తియో పన్నో చదువో గలవారికే యుండెను. ఓటు నడచినదారినే ఉపశమనమును నడచెను. డెల్టాలోని కౌలుదారునకు మక్తావిషయమున రక్షణ 1956 కౌలుచట్టముదాక రాలేదు. సర్కారు తమకు శిస్తు తగ్గించలేదని సభలలో గర్జించిన పెద్దలెందరు తమ కౌలుదారునకు మక్తా తగ్గించిరి? ఈ ప్రశ్న మనయిండ్లలోని పాత లెక్కలపుస్తకములు తెరచి చూచినవారికే తెలియును.

నేడందరికిని ఓటున్నది. 2014లో రెండు తెలుగు రాష్ట్రములును, 2024లో తెలంగాణమును పంటఋణములు మాఫీచేసినవి. ఆ ఋణము బ్యాంకి పద్దులో చాలవరకు పట్టాదారు పేరనే యుండును. దున్నినవాడు తెచ్చిన చేబదులు ఏ పద్దులోను ఉండదు. ఆంధ్రప్రదేశమున 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలుదారునకు కార్డునిచ్చుటకు భూయజమాని సంతకము కోరెను. భూమి పోవునను భయముచే పెక్కురు సంతకము చేయలేదు. ఆ చట్టము ఇచ్చినది పంటపై పదునొకండు మాసముల హక్కు. భూమిపై నేహక్కును ఇయ్యలేదు. ఈ సంగతి తెలిసియు వెనుదీసినవారు మన పాఠకులలోనే కలరని మేమెరుగుదుము. వారు తమ తాతల యింట 1938లో రద్దైన ప్రోనోట్లున్నచో ఒక్కసారి తీసిచూడవలెనని మా కోరిక.