58 అడుగులు సరే, ఎంతమంది?

హుస్సేన్‌సాగర్ బుద్ధుడి ఎత్తెంతో అడగండి, 58 అడుగులని ఠక్కున చెప్తారు. ఏకశిలా విగ్రహమని గర్వంగా కలుపుతారు కూడా. దాన్ని నీళ్ల మధ్యకు తీసుకెళ్తూ ఎంతమంది చనిపోయారో అడిగి చూడండి. ఒకచోట ఎనిమిది మంది అని రాసుంటుంది, ఇంకోచోట పది మంది అని. అడుగుల దగ్గర కుదిరిన లెక్క మనుషుల దగ్గర కుదరలేదు. నా గొడవంతా దీని గురించే.

కథ తెలిసిందే. అమెరికాలో లిబర్టీ విగ్రహాన్ని చూసొచ్చిన ఎన్టీఆర్‌కి మనకీ అంతటిదొకటి ఉండాలనిపించింది. అప్పటి నల్లగొండ జిల్లాలో, భువనగిరి దగ్గర రాయగిరి గుట్టలో కావాల్సిన గ్రానైట్ దొరికింది. 1985లో పని మొదలైంది. గణపతి స్థపతి ఆధ్వర్యంలో వందలమంది ఏళ్ల తరబడి ఉలి పట్టారు. విగ్రహాన్ని నీళ్ల మధ్యకు తీసుకెళ్లే నాటికి ఎన్టీఆర్ దిగిపోయి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. 1990 మార్చి 10న విగ్రహాన్ని మోస్తున్న బార్జి ఒరిగిపోయింది. రెండేళ్లకు పైగా సాగర్ అడుగున పడున్న రాతిని 1992 డిసెంబర్ 1న లేపి నిలబెట్టారు.

దీన్ని మనం 'మునిగిన బుద్ధుడు మళ్లీ లేచాడు' అని చెప్పుకుంటాం. వినడానికి జాతక కథలా బాగుంటుంది. కానీ మునిగి లేవని వాళ్లకు ఆ వాక్యంలో చోటు లేదు. కలగన్న నాయకుడికి పేరుంది, స్థపతికి పేరుంది. కూలికి వచ్చి నీళ్లలో పోయినవాళ్లు 'ప్రమాదంలో కొందరు మరణించారు' అనే అరవాక్యం దగ్గర ఆగిపోయారు.

'ఎప్పుడైనా అంతే కదా, పాత శిల్పాలు చెక్కినవాళ్ల పేర్లు మాత్రం ఎవరికి తెలుసు' అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లుంటారు. వాళ్లు ఒకసారి నీటి దారి పట్టి వెళ్లాలి. హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు మూసీలో పడతాయి. మూసీ నల్లగొండ నేల మీదుగా పారి దామరచర్ల మండలం వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కణ్ణుంచి కృష్ణ వెంట కిందికి పోతే అమరావతి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట అక్కడి స్తూపానికి పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చిన ఒక చర్మకారుడి పేరు విధికుడు. ఆ పేరు మనకెలా తెలుసు? రాయి మీద చెక్కారు కాబట్టి. చెప్పులు కుట్టే కులాల పేర్లు రాతికెక్కిన బౌద్ధం అది. బుద్ధుణ్ణి 58 అడుగులకు పెంచిన మనం ఆ ఒక్క అలవాటునీ వదిలేశాం.

అమెరికాలో రష్‌మోర్ కొండ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కారు, 1927 నుంచి 1941 దాకా. ఆ కొండ లకోటా ప్రజల దగ్గర్నుంచి లాక్కున్నది, ఆ పాపం ఇంకా కడుక్కోలేదు. అయినా అక్కడ పనిచేసిన దాదాపు 400 మంది పేర్లు రాతిగోడ మీద ఉన్నాయి. దొంగిలించిన కొండ మీద కనబడే ఆ పాటి మర్యాద కరుణామూర్తి కాళ్ల దగ్గర మనకు చేతకాలేదా?

ఇది పాత సంగతి కూడా కాదు. 2022లో ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుడు, 2023లో సాగర్ ఒడ్డునే 125 అడుగుల అంబేడ్కర్. రేపు ఇంకోటి. ప్రతిసారీ మనకు అందే వార్త అడుగులూ టన్నులూ కోట్లే. కార్మికుల కోసం జీవితమంతా వాదించిన అంబేడ్కర్‌ని కూడా ఆ కొలతలతోనే కొలుస్తున్నాం.

విగ్రహాలు వద్దని నేననడం లేదు. ఆ బుద్ధుడు అందంగా ఉంటాడు, సాయంత్రం పూట మరీనూ. అడిగేది చిన్నది. 1990 అంటే రాజుల కాలం కాదు, హాజరు పట్టీలూ పోలీసు రికార్డులూ దినపత్రికలూ ఉన్న కాలం. ముందు ఆ సంఖ్య తేల్చండి. తర్వాత ఆ పేర్లు పీఠం మీద, పడవ దిగగానే కంటపడే చోట, తెలుగులో చెక్కండి. అంత పెద్ద రాయికి ఎనిమిదో పదో పేర్లు బరువు కావు.