ఉప్పు తెలిసిన వంట

ఆల్బమ్ పేరు 'కుక్‌బుక్'. అందులో పాటల పేర్లు 'ది షెఫ్', 'ఇన్ ద కిచెన్'. వంటల పుస్తకమేమో అనుకునేరు! టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు ఎడ్డీ 'లాక్‌జా' డేవిస్ 1958 జూన్ 20న రికార్డు చేసిన జాజ్ సంగీతమిది. ఆ కళాకారుల భాషలో 'కుకింగ్' అంటే... మంచి ఊపులో వాయించడం.

దీన్ని వండిన చోటూ చిత్రమైనదే. న్యూజెర్సీ రాష్ట్రం హ్యాకెన్‌సాక్‌లోని ఓ ఇంటి ముందుగది! పగలు కళ్లు పరీక్షించి అద్దాలు రాసిచ్చే రూడీ వాన్ గెల్డర్, సంగీతంమీద మక్కువతో అమ్మానాన్నల ఇంటి హాలునే స్టూడియోగా మార్చేశాడు. ఆ రోజుల్లో ఎందరో జాజ్ దిగ్గజాలు ఆ గుమ్మం తొక్కినవారే.

ఆ రోజు ఆర్గాన్ ముందు కూర్చున్నది షిర్లీ స్కాట్. ఫిలడెల్ఫియా అమ్మాయి, వయసు 24. మొదట నేర్చుకున్నది పియానో. ఆర్గాన్ పట్టి అప్పటికి కొన్నేళ్లే. మన హార్మోనియం గాలితో పలికితే, హామండ్ ఆర్గాన్ కరెంటుతో పలుకుతుంది. పైపుల ఆర్గాన్ కొనే స్తోమత లేని చర్చిలకు 1935లో వచ్చిన ఈ వాద్యం ఓ వరమైంది. తర్వాత క్లబ్బుల్లోకీ అడుగుపెట్టింది. చర్చి పాటల ఆర్తి, బ్లూస్ బాధ, జాజ్ హుషారు కలగలిసిన ఆ బాణీకే 'సోల్ జాజ్' అని పేరు.

దాదాపు 13 నిమిషాల 'ఇన్ ద కిచెన్' వినండి. డేవిస్ శాక్సోఫోన్‌ది కాస్త గరుకు గొంతు. మాటకారి మనిషి గట్టిగా కబుర్లు చెబుతున్నట్టుంటుంది. షిర్లీ ఆ గొంతుతో పోటీపడదు. ఊ కొడుతుంది, సందు దొరికినప్పుడు ఓ చురక అంటిస్తుంది, తన వంతు రాగానే తానే కథ అందుకుంటుంది. జెరోమ్ రిచర్డ్‌సన్, బాస్‌మీద జార్జ్ డువివియే, డ్రమ్స్‌మీద ఆర్థర్ ఎడ్జ్‌హిల్ తోడుగా ఉన్నారు.

అట్టమీద పెద్దక్షరాల్లో ఉన్నది డేవిస్ పేరే. కానీ షిర్లీ పక్కవాద్యంగానే మిగిలిపోలేదు. అదే ఏడాది తన పేరుతోనే 'గ్రేట్ స్కాట్!' రికార్డు చేసింది. 'ఆర్గాన్ రాణి' అనిపించుకుంది. తర్వాత పెన్సిల్వేనియాలోని చేనీ విశ్వవిద్యాలయంలో పాఠాలూ చెప్పింది. డేవిస్ 1986లో, షిర్లీ 2002లో కన్నుమూశారు.

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. ఈ ఆల్బమ్‌ని రెండుసార్లు వినండి. మొదటిసారి శాక్సోఫోన్ కోసం. రెండోసారి, దాని వెనకాల ఆర్గాన్ ఏం చేస్తోందో ఆ ఒక్కటే. వంటలో ఉప్పెవరో తెలిసిపోతుంది!