అవగాహన ఎవరికి కావాలి?

ఈ మధ్య మన రచయిత మిత్రులు కొందరికి కొత్త పని దొరికింది. ఆరోగ్య కార్యక్రమాలకు పాటలూ, నినాదాలూ, వీధి నాటికలూ రాసి ఇవ్వడం. నన్నూ అడిగారు. "తెలుగు ఎం.ఏ. గదా, పల్లెజనంలో అవగాహన కలిగించే పాటలు నాలుగు రాయండి" అన్నారు. నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పవలసి వుంది. ఇది నా ఒక్కడి అభిరుచికి సంబంధించిన విషయం కాదు. సాహిత్యం ఎవరి పక్షాన నిలబడాలన్న పాత ప్రశ్నే మరో వేషంలో వచ్చింది.

పాట పాడబోయే ఊరు ముందు చూద్దామని వెళ్లాను. అనంతపురం మెట్టలో ఒక పల్లె. బోరింగు పక్క గోడమీద పెద్ద అక్షరాలతో "నీళ్లు కాచి తాగండి" అని వుంది. ఆ గోడకానుకుని కూర్చున్న ముసలాయన మెడ తిప్పలేక, మనిషి మొత్తం తిరిగి నావైపు చూశాడు. పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలు. ఆ నీళ్లలో వున్నది ఫ్లోరైడు. కాచితే క్రిములు చస్తాయిగాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైనకొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది. "కాంచినా అంతే గద సామీ, కట్టెలు దండగ" అన్నాడాయన. అవగాహన లేనిది ఎవరికి? గోడమీద రాసినవాడికా, గోడకానుకున్నవాడికా?

ఈ గోడరాతల వెనుక ఒక సిద్ధాంతం వుంది. 1950లలో అమెరికా ప్రజారోగ్య శాఖలో హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ ప్రభృతులు, క్షయ పరీక్షకు ఎక్స్‌రే బండి వీధిలోకి వచ్చినా జనం ఎందుకు రారని ప్రశ్నించుకున్నారు. జబ్బు తనకు వస్తుందన్న నమ్మకం, అది ప్రమాదమన్న నమ్మకం, పరీక్షవల్ల మేలన్న నమ్మకం, దారిలోని అడ్డంకులు - వీటినిబట్టి మనిషి నడుచుకుంటాడన్నారు. అక్కడ ఆ ప్రశ్న సబబే. బండి వచ్చి నిలబడింది, మనిషి రావడమే తరువాయి. మన మెట్టలో వచ్చి నిలబడ్డదేమిటి? వాన, బోరు, కూలి, అప్పు, కులం అన్నింటినీ "అడ్డంకులు" అనే ఒక్క పద్దు కింద కట్టిపెట్టి, మిగిలిన మూడు నమ్మకాలమీద పాటలు రాయమంటున్నారు. ఇది శాస్త్రం వేషం వేసుకున్న భావవాదం.

సిద్ధాంతమైనా అక్కడ ఆగిపోలేదు. 1986లో ఒట్టావా ప్రకటన ఆరోగ్యానికి కావలసినవేమిటో చెప్పింది: శాంతి, గూడు, చదువు, తిండి, ఆదాయం, సామాజిక న్యాయం. చేయవలసిన పనులు ఐదన్నది: ప్రభుత్వ విధానాలు మార్చడం, పరిసరాలు మార్చడం, ప్రజల సామూహిక కార్యాచరణను బలపరచడం, వ్యక్తులకు నేర్పడం, వైద్య సేవల దిశ మార్చడం. మనవాళ్లు నాలుగు వదిలేసి నాలుగోదాన్ని పట్టుకున్నారు. ఎందుకంటే అదొక్కటే ఏ ఆస్తినీ, ఏ అధికారాన్నీ కదిలించదు.

"అయితే జ్ఞానం అక్కరలేదా?" అంటారు. కావాలి. విరేచనాలయ్యే బిడ్డకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించాలని తెలిసిన తల్లి బిడ్డను బతికించుకుంటుంది. చేతికందేదాన్ని చెప్పడం విద్య. అందనిదాన్ని చెప్పడం వెక్కిరింత. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, కొర్రా జొన్నా పండిన చేలను వేరుశనగ ఆక్రమించాక, ఆ పంటా ఎండితే బెంగుళూరుకు వలసపోయే కూలితల్లికి "పాలు, గుడ్లు, ఆకుకూరలు తినండి" అని పాడటం ఏ కోవలోకి వస్తుంది?

రుజువు ఈ జిల్లాలోనే వుంది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకు పైగా గ్రామాలకు గొట్టాలద్వారా మంచినీళ్లు తెచ్చింది. ప్రభుత్వం తన బాధ్యతగా చేయవలసిన పని దాతృత్వంగా రావడంమీద నాకు అభ్యంతరం వుంది. కాని అది నేర్పే పాఠం కాదనలేనిది: కొళాయి వచ్చినచోట మంచినీళ్లు తాగమని ఎవరికీ పాట పాడనక్కరలేకపోయింది.

ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు బెంగాల్ కరువును కథగా చెప్పింది. ఆకలిగొన్నవాడికి మితాహారం బోధించలేదు. ఆ వారసత్వం మనదైతే మన పాట ముసలాయన వైపు వేలు చూపదు; ఆయన పక్కన నిలబడి అడుగుతుంది.

విద్యార్థి మిత్రులారా, పాటకు ముందు నీళ్లు పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. మీకు వచ్చిన అంకెను అదే గోడమీద, అంతే పెద్ద అక్షరాలతో రాయండి. నేను పాట రాస్తాను. అది ఆ అంకెతోనే మొదలవుతుంది.