చిన్న తెరకు కుదించిన దృశ్యాలు: టచ్ ఫోన్ల కాలంలో బయటపడుతున్న నష్టం

ఫోను మార్చిన ప్రతిసారీ పాత చిప్పులోని పాటలను, వీడియోలను కొత్త ఫోనులోకి ఎక్కించుకోవడం ఇళ్ళలో మామూలే. అయితే సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు ఈ పనిలో ఇప్పుడొక వింత అనుభవం ఎదురవుతున్నది. పది పదిహేనేళ్ళ క్రితం ఎంతో ముచ్చటపడి ఫోనులో పెట్టించుకున్న పెళ్ళి వీడియో, ఊరి జాతరలో ఆడిన పద్యనాటకం, తాతగారి షష్టిపూర్తి - వీటిని ఆరున్నర అంగుళాల కొత్త తెరపై తెరిస్తే ముఖాలకు బదులు చతురస్రాకారపు మచ్చలు కనిపిస్తున్నవి. గొంతు నూతిలోంచి వచ్చినట్లు వినిపిస్తున్నది. చిప్పు పాడైపోయిందనుకుని చాలామంది విచారిస్తున్నారు. చిప్పు పాడు కాలేదు. పాడైనదేదో అది అందులోకి ఎక్కిన రోజునే పాడైనది.

ఇది అర్థం కావాలంటే 2008, 2009 సంవత్సరాల నాటి ఫోన్ల బజారును ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2008 ఆగస్టులో ఐఫోన్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది. 8 గిగాబైట్ల ఫోను ధర 31,000 రూపాయలు. అదే ఏడాది అక్టోబరులో నోకియా సంస్థ 5800 ఎక్స్‌ప్రెస్ మ్యూజిక్ పేరిట తన టచ్ ఫోనును ప్రకటించింది. రెండూ టచ్ ఫోన్లే గాని స్వభావం వేరు. నోకియా తెరపై రెండు పలుచని పొరలుండేవి. గోటితోనో చిన్న పుల్లతోనో నొక్కినప్పుడు అవి ఒకదానికొకటి తాకి పని జరిగేది. ఐఫోన్ తెర గాజుది. వేలిలోని సహజ విద్యుద్వాహక గుణాన్ని గుర్తించి అది పనిచేసేది, కనుక గోటికి, పుల్లకు పలికేది కాదు. మొదటి రకం చవక. కానీ పైపొర మెత్తన కావడం వల్ల గీతలు పడేవి, వెలుతురూ కొంత తగ్గేది. చివరకు గాజు తెరదే పైచేయి అయింది.

ఆ రోజులలో కొనుగోలుదారుల చర్చ అంతా తెర చుట్టూనే తిరిగింది. వీడియోల విషయంలో అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉన్నది. నోకియాలో చిప్పు పెట్టుకునే చోటు ఉండేది. ఐఫోన్‌లో లేదు. కంప్యూటరులో ఐట్యూన్స్ ద్వారానే దృశ్యాలను అందులోకి పంపాలి. బస్టాండు పక్కన పాటలు ఎక్కించే దుకాణానికి ఐఫోన్ తీసుకువెళితే అతడు చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. అందువల్ల మన పట్టణాలలో సామాన్యుని ఓటు చిప్పు పట్టే ఫోనుకే పడింది. అది తెలివి తక్కువ నిర్ణయమేమీ కాదు.

తప్పు జరిగినది మార్పిడిలో. ఆనాటి ఇళ్ళలోని వీసీడీల సంగతే చూడండి. వాటిలో దృశ్యం 352 బిందువుల వెడల్పు, 288 బిందువుల ఎత్తు కలిగి ఉంటుంది. క్షణానికి 25 చిత్రాలు. ధ్వనికి సెకనుకు 224 కిలోబిట్ల చోటు కేటాయించి ఉంటుంది. ఇలా గంట నిడివికి సుమారు 600 మెగాబైట్లు అవుతుంది. మూడు గంటల నాటకం 1 గిగాబైటు చిప్పులో పట్టదు. కనుక దుకాణదారు దానిని త్రీజీపీ అనే పద్ధతిలోకి మార్చేవాడు. కొలత 176 బిందువుల వెడల్పు, 144 బిందువుల ఎత్తుకు దిగేది. అంటే ప్రతి నాలుగు బిందువులలో మూడు పోయినవన్నమాట. చిత్రాల సంఖ్య కూడా 25 నుంచి 15కో 12కో తగ్గేది. సెకనుకు వంద కిలోబిట్ల చొప్పున మారిస్తే గంట వీడియో 45 మెగాబైట్లకు కుదించుకుపోయేది. రెండంగుళాల తెరపై అది చక్కగానే కనిపించేది. ఇవాళ్టి ఫోనును అడ్డంగా పట్టుకుంటే తెర ఎత్తు 1080 బిందువులు. ఆ 144 గీతలను ఏడున్నర రెట్లు సాగదీస్తే కనిపించేవి మచ్చలు కాక మరేమిటి?

ధ్వని సంగతి ఇంకా విచారకరం. త్రీజీపీలో సాధారణంగా వాడిన ఏఎంఆర్ పద్ధతి ఫోనులో మాట్లాడుకునే మాటల కోసం రూపొందినది. సెకనుకు అత్యధికంగా 12.2 కిలోబిట్లు మాత్రమే తీసుకుంటుంది. 3,400 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వనులను వదలివేస్తుంది. సంభాషణకు అది చాలు. పద్యానికి చాలదు. రాగం తీసేటప్పుడు గొంతులోని జీవం, హార్మోనియం నాదపు మెరుపు, తాళాల మోత - వీటిలో కొంత భాగం ఆ గీతకు పైన ఉంటుంది. పద్యనాటకం నుంచి పద్యాన్ని తీసివేసి మాటను మాత్రం మిగిల్చినట్లయింది.

ఇందులో దుకాణదారుని నిందించడం న్యాయం కాదు. చిప్పులో వీలైనన్ని ఎక్కించమని అడిగినది వచ్చినవారే. మార్పిడి సాఫ్టువేరులో ఫోను పేరు ఎంచుకుంటే కొలతలన్నీ దానంతట అవే నిర్ణయమైపోయేవి. అసలు నష్టం ఆ తరువాతి అడుగులో జరిగింది. ‘ఫోనులోకి వచ్చేసింది కదా’ అని చాలా ఇళ్ళలో క్యాసెట్లను పారవేశారు. సీడీలను పిల్లలు ఆటలకు తీసుకున్నారు. గీతలు పడిన కొన్ని సీడీలు మామిడి తోటలలో పిట్టలను బెదరగొట్టేందుకు వేలాడుతున్నవి కూడా. కుదించినది మిగిలింది, నిండుది పోయింది. ఒకసారి కుదించిన దృశ్యంలో పోయిన బిందువులను ఏ యంత్రమూ తిరిగి తేలేదు. ముఖాలను మెరుగుపరుస్తామంటూ ఇప్పుడు వస్తున్న కృత్రిమ మేధ సాధనాలు చేసేది ఊహించి గీయడమే. అది చూడముచ్చటగా ఉండవచ్చు. కానీ ఆ ముఖం తాతగారిది కాదు.

తెలుగు రాష్ట్రాలలోని కుటుంబానికి ఇది ఒక వేడుక తాలూకు జ్ఞాపకం పోవడం. సరిహద్దుకు ఇవతల దీని బరువు మరి కాస్త ఎక్కువ. తమిళనాడులో 2006లో చేసిన తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుంచి దశలవారీగా అమలై 2015-16 నాటికి పదవ తరగతికి చేరింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తెలుగు అక్షరం నేర్వని పిల్లలున్నారు. రాయగడలో, సిరొంచలో, కోలారులో కారణాలు వేరైనా ఇటువంటి పిల్లలు తక్కువేమీ కాదు. చదవలేని పిల్లకు పెద్దల తెలుగు చెవి ద్వారానే అందాలి. పుట్టింటి యాసలో అమ్మమ్మ పాడిన అప్పగింతల పాట ఏ ఓటీటీలోనూ దొరకదు.

బళ్ళారి సంగతే చెప్పుకోవాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాలు రచించి ఆడించిన ఊరది. బళ్ళారి రాఘవ (1880-1946) రంగస్థల నటనను గురించి నేడు చదువగలమే గాని చూడలేము. ‘రైతుబిడ్డ’ (1939) వంటి కొద్ది చిత్రాలలో మాత్రమే ఆయన నటన నిలిచింది. అంతటి నటునికి దక్కని భాగ్యం తరువాతి కాలపు ఊరి నటులకు దక్కింది. 1990ల నాటికి అద్దె వీడియో కెమెరాలు వచ్చి రాత్రంతా నాటకాన్ని పట్టి ఉంచగలిగినవి. ఆ క్యాసెట్లను మనమే 144 గీతలకు కుదించుకున్నాం.

పేర్ల విషయంలోనూ ఒక చిక్కున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలు సవ్యంగా కనిపించే ఏర్పాటు 2012లో వచ్చిన 4.1 సంచికతో చేరింది. అంతకుముందు అనేక ఫోన్లలో తెలుగు పేరు పెడితే గళ్ళే కనిపించేవి. అందుకే ఆనాటి వీడియోల పేర్లన్నీ ఆంగ్ల లిపిలో ‘నాటకం 1’, ‘వీడియో 12’ అన్నట్లుంటాయి. ఏ ఊరి నాటకమో, ఏ సంవత్సరమో తెలియదు. ఖరీదైన ఫోన్లు మాత్రం దీనికి అతీతమని అనుకోనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ హుటాహుటిన సవరణ విడుదల చేయవలసి వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరమే యంత్రాన్ని మూర్ఛపోగొట్టడం తెలుగువారు కొంతకాలం నవ్వుకున్న సంగతి.

ఇదంతా గతం అనుకుంటే పొరపాటు. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశంతో డేటా చవకైంది. పాటలు ఎక్కించే దుకాణాలు చాలావరకు కవర్లు, ఛార్జర్లు అమ్మే దుకాణాలుగా మారినవి. కుదింపు మాత్రం ఆగలేదు. ఇప్పుడు ఆ పనిని వాట్సాప్ చేస్తున్నది. పెళ్ళి వీడియోను మామూలుగా పంపితే అది దారిలోనే కుదించబడుతుంది. అందుకున్నవారు దానిని దాచుకుంటారు, పంపినవారు ఫోను నిండిందని అసలును తుడిచివేస్తారు. 2009 నాటి కథ యథాతథంగా పునరావృతమవుతున్నది. వీడియోను డాక్యుమెంటుగా పంపితే కుదింపు ఉండదు. 2022 నుంచి ఆ విధంగా 2 గిగాబైట్ల వరకు పంపవచ్చు. ఈ చిన్న సదుపాయం వాడేవారు తక్కువ.

మరి నేడు మార్పిడి అవసరం ఎక్కడ? ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి డబ్బాల పేర్లు మాత్రమే. లోపలి సరుకు వేరు. బొమ్మ కనిపించి ధ్వని రాకపోవడం, లేదా ధ్వని మాత్రమే వినిపించడం వంటివి డబ్బా తెరుచుకున్నా లోపలి సరుకులో ఒకటి ఆ ఫోనుకు తెలియకపోవడం వల్ల జరిగేవి. 2003లో ఖరారైన హెచ్.264 పద్ధతి దాదాపు ప్రతి ఫోనుకూ తెలుసు. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను సుమారు సగం చోటులో ఇముడ్చుతుంది గాని చాలా పాత ఫోన్లకు అది తెలియదు. 2017 నుంచి ఐఫోన్లు సాధారణంగా ఈ పద్ధతిలోనే చిత్రీకరిస్తున్నవి. బెంగళూరులోని కుమారుడు ఐఫోన్‌లో తీసి పంపిన వీడియో ఊరిలోని తండ్రి పాత ఫోనులో నల్లగా కనిపించడానికి కారణం తరచు ఇదే. ఐఫోన్ కెమెరా అమరికలలో ‘అన్ని పరికరాలకు అనుకూలం’ అనే అర్థమిచ్చే ఎంపిక ఉన్నది. దానిని ఎంచుకుంటే చిక్కు తీరుతుంది. 2018లో వచ్చిన ఏవీ1 ఉచితమైనదే. అయితే దానికి తగిన చిప్‌సెట్ లేని చవక ఫోన్లలో బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

వీసీడీ ఇంకా మిగిలి ఉన్నవారు దానిలోని డాట్ ఫైలును ఏ మార్పూ చేయకుండా కంప్యూటరులోకి నకలు తీసుకోవాలి. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరు దానిని ఉన్నదున్నట్లే చూపుతుంది. ఫోను కోసం వేరే ప్రతి కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్టువేరుతో హెచ్.264, ఏఏసీ ధ్వని ఎంచుకుని, కొలత తగ్గించకుండా తయారు చేసుకోవచ్చు. సెకనుకు దాదాపు ఒక మెగాబిట్ ఇచ్చినా రెండు గంటల వీడియో ఒక గిగాబైటు అవుతుంది. ఇవాళ్టి 128 గిగాబైట్ల ఫోనుకు అది లెక్కలోనిది కాదు. పాత దృశ్యాలను తెర నిండా సాగదీయరాదు. అవి నాలుగుకు మూడు నిష్పత్తిలో తీసినవి. సాగదీస్తే సన్నని పెళ్ళికూతురు లావెక్కుతుంది.

ఫోను ఎంపిక ప్రశ్నకు ఈ కోణంలో జవాబు తేలికవుతుంది. పాత టేపు దృశ్యం ఎత్తు 576 గీతలకు మించదు. దానిని చూడడానికి 720 గీతల తెర చాలును, 1440 గీతల తెరకు పెట్టే అదనపు సొమ్ము ఆ పనికి వృథా. చిప్పు పెట్టుకునే చోటు ఖరీదైన ఫోన్లలోనే ముందుగా మాయమైనది. శామ్‌సంగ్ 2021లో ఎస్21 శ్రేణి నుంచి దానిని తొలగించింది. చవక ఫోన్లు అనేకం ఇంకా నిలుపుకున్నవి. 2020 ఏప్రిల్ నుంచి మొబైల్ ఫోన్లపై 18 శాతం జీఎస్టీ పడుతున్నది. ధర పెరిగేకొద్దీ ఆ పన్నూ పెరుగుతుంది. ఇంటి పెద్దలకు మధ్యరకం ఆండ్రాయిడ్, చిత్రీకరణ చేసే యువకునికి తన స్తోమతును బట్టి మంచి కెమెరా ఫోను అన్నది సబబైన పంపకం. అయితే ఏ ఫోనూ భోషాణం కాదు. చిప్పు కూడా ఏళ్ళ తరబడి వాడకుండా పక్కన పడవేస్తే అందులోనిది చెరిగిపోగలదు. అసలు ప్రతి కనీసం రెండు చోట్ల, అందులో ఒకటి వేరే ఇంట ఉండాలి.

వీహెచ్ఎస్ క్యాసెట్లే మిగిలినవారి సమస్య వేరు. జపానులోని ఫునాయ్ సంస్థ 2016 జులైలో వీసీఆర్ల తయారీని నిలిపివేసింది. అదే చివరి తయారీదారు. పనిచేసే యంత్రాలు ఏటేటా తగ్గేవే. ఒక కుటుంబం తనకోసం ఒక యంత్రాన్ని వెదకి బాగు చేయించుకోవడం దుర్భరం. ఉగాదికి వేదిక అలంకరణపై వెచ్చించే మొత్తంలో ఒక భాగంతో ప్రతి పట్టణపు తెలుగు సంఘమూ బాగు చేయించిన ఒక వీసీఆర్‌ను, దానిని కంప్యూటరుకు కలిపే పరికరాన్ని సమకూర్చుకోగలదు. పాటలు ఎక్కించిన పాత దుకాణదారులలో ఈ పని నేర్వగల చేతులున్నవి. బళ్ళారి వంటి పొడి ప్రాంతంలో క్యాసెట్లు కొంతకాలం ఆగుతాయి. యానాం, బరంపురం వంటి తీర ప్రాంతాలలో తేమకు రిబ్బనుపై బూజు పడుతుంది. బూజు పట్టిన క్యాసెట్టును అలాగే యంత్రంలో పెడితే రిబ్బను తెగవచ్చు, యంత్రపు తలలు చెడవచ్చు, ఆ బూజు తరువాతి క్యాసెట్టుకూ అంటవచ్చు. కనుక శుభ్రం చేయించడం ముందు, తిప్పడం తరువాత. ఆ వరుసలో మొదట నిలబడవలసినవి తీరప్రాంతపు క్యాసెట్లే.