కంటికి కనిపించని చమురు

వాహనాన్ని నడపడం వేరు, వాహనాన్ని ఎరిగి ఉండడం వేరు. మన కళాశాల సైకిల్ స్టాండులో నేడు సైకిళ్ల కంటే మోటారు సైకిళ్లే అధికంగా కనిపిస్తున్నాయి. వాటిని నడిపేవారిలో ఇంజను ఆయిల్ ఎప్పుడు మార్చాలో తెలియనివారు అరుదు. కాని ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు ఫోర్కులలోనూ ఆయిల్ ఉంటుందనీ, అది కూడా కాలక్రమాన పాడవుతుందనీ ఎరిగినవారు ఎందరు? ఇతరులను అడగడానికి ముందు ఈ ప్రశ్నను మమ్ములను మేమే వేసుకొన్నాము. జవాబు చెప్పుకోవడానికి సిగ్గుపడవలసి వచ్చింది.

గత వర్షాకాలంలో మా మిత్రుడొకడు కళాశాలకు వస్తూ, దారిలో గుంతను చూసి ముందు బ్రేకు నొక్కాడు. బండి ముందు భాగం ఒక్కసారిగా కుంగింది, చక్రం పక్కకు జారింది. మణికట్టు ఎముక విరిగి అతడు ఆ సంవత్సరం పరీక్షలు వ్రాయలేకపోయాడు. బ్రేకు చెడిపోయిందనే మేమంతా అనుకొన్నాము. మెకానిక్ షెడ్డులో ఫోర్కులు విప్పినప్పుడు సంగతి తెలిసింది. ఒక గొట్టం నుండి నల్లని, నీళ్లవంటి ద్రవం కొద్దిగా మాత్రమే కారింది. రెండవ దానిలో సీలు చిరిగి, లోపల దాదాపు ఏమీ మిగలలేదు. బండి కొన్న నాటి నుండి ఆ ఆయిల్‌ను ఎవరూ మార్చలేదు.

ఈ అమరిక కొత్తదేమీ కాదు. జర్మనీ దేశపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లోనే తన ఆర్-12 బండికి ఆయిల్‌తో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కును అమర్చింది. గొట్టంలో గొట్టం, లోపల స్ప్రింగు, దానితోపాటు ఆయిల్. బరువును మోసేది స్ప్రింగు, ఆ స్ప్రింగు ఊగులాటను అదుపు చేసేది ఆయిల్. చక్రం గుంతలో పడినప్పుడు ఆయిల్ సన్నని రంధ్రాల గుండా దూరి పోవలసి వస్తుంది. అప్పుడు కలిగే నిరోధమే కుదుపును అణచివేస్తుంది. ఆయిల్ పలుచబడినా, తగ్గినా చక్రం ఎగిరెగిరి పడుతుంది. నేలను తాకని చక్రానికి ఎంత మంచి బ్రేకు ఉండి ఏమి ప్రయోజనం? పైగా బ్రేకు వేసినప్పుడు బండి భారం ముందుకే ఒరుగుతుంది. కనుక ఫోర్కులోని లోపం సరిగ్గా ఆపద సమయంలోనే బయటపడుతుంది.

పరీక్షించడం కష్టం కాదు. ముందు బ్రేకు పట్టి, హాండిల్‌ను గట్టిగా క్రిందికి అదిమి వదలాలి. బండి సాఫీగా లేచి నిలిస్తే మంచిది. రెండు మూడు సార్లు ఊగినా, లోపల టకటక చప్పుడు వినిపించినా అనుమానించాలి. మెరిసే గొట్టం చుట్టూ జిడ్డు వలయం కనబడితే సీలు పోయినట్లే. గొట్టంపై తుప్పు గుంటలు ఉంటే కొత్త సీలు కూడా నిలువదు.

మార్చేటప్పుడు ఇంజను క్రింద దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని నేల నుండి లేపాలి. ఫోర్కు పైమూత స్ప్రింగు ఒత్తిడిలో ఉంటుంది గనుక ముఖం దూరంగా ఉంచి మెల్లగా విప్పాలి. పాత ఆయిల్‌ను వంపి, గొట్టాన్ని పైకి క్రిందికి ఆడించి, మిగిలిన దానిని కూడా తీసివేయాలి. చిన్న బండ్లకు సాధారణంగా ఒక్కొక్క వైపు 150 నుండి 200 మి.లీ. వరకు పడుతుంది. అయితే ఆయిల్ కొలతకూ, చిక్కదనానికీ బండితో ఇచ్చిన పుస్తకమే ప్రమాణం. రెండు వైపులా సమానంగా పోయాలి. ఎక్కువ పోస్తే మేలనుకోవడం పొరపాటు. పైనుండే గాలికి చోటు తగ్గి, ఫోర్కు బిగుసుకొని, సీలు దెబ్బతింటుంది. గొట్టాలు తలక్రిందులుగా ఉండే కొత్తరకం ఫోర్కులను మాత్రం అనుభవజ్ఞులకే వదలడం ఉచితం.

ఇది చదువుకొనేవారి పని కాదని కొందరు అనవచ్చు. ఆ మాటను మేము అంగీకరించము. ద్రవాల స్నిగ్ధతను గురించి భౌతికశాస్త్రంలో పుటలకొద్దీ వ్రాస్తున్న మనము, అదే స్నిగ్ధత మన ప్రాణాన్ని కాపాడుతున్న చోట దానిని గుర్తించలేకపోవడం ఏమి చదువు? ఉర్దూలో ఉస్తాద్ అంటే గురువు. తరగతిలో పాఠం చెప్పేవారికీ, షెడ్డులో పానా పట్టేవారికీ మన పట్టణాలలో అదే పిలుపు. తెలుగు మాట్లాడేవారు కూడా మెకానిక్‌ను ఉస్తాద్ అనే పిలుస్తారు. భాష ఇద్దరికీ సమానంగా ఇచ్చిన గౌరవాన్ని మనం ఆచరణలో ఒకరికే ఇస్తున్నాము. మన సహాధ్యాయులలో కొందరి ఫీజు ఆ షెడ్డులలో పనిచేసే తండ్రుల, అన్నల చేతికష్టం నుండే వస్తున్నదన్న సంగతిని కూడా మరచిపోరాదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఇది. సైకిల్ స్టాండులో ఒక మూల పానాల సెట్టు, కొలత గ్లాసు, ఒక జాకీ ఏర్పాటు చేయించండి. ప్రతి టెర్ములో ఒక శనివారం మన పట్టణపు ఉస్తాద్ ఒకరిని ఆహ్వానించి, తగిన పారితోషికం ఇచ్చి, విద్యార్థినీ విద్యార్థులందరికీ పాఠం చెప్పించండి. తీసిన పాత ఆయిల్ మురుగుకాలువ పాలు కాకుండా డబ్బాలో భద్రపరచి, పాత ఆయిల్ కొనేవారికి అప్పగించే బాధ్యత మేము వహిస్తాము. దీనికయ్యే ఖర్చు మా మిత్రుని ఆసుపత్రి ఖర్చులో కొద్ది భాగానికి మించదు. అతడు కోల్పోయిన సంవత్సరాన్ని మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. రాబోయే వర్షాకాలానికి ముందే పెద్దలు ఈ విషయాన్ని పరిశీలింతురని ఆశిస్తున్నాము.